పెన్న మీద గుండుకో గింజ

మా బజారులో పుట్టిన పిల్లలకు మాటలు వచ్చీ రాగానే నేర్పే పాఠం ఒకటుంది. కొనబోయే వస్తువును మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే అమ్మేవాడి మొహం వెలుగుతుంది, ధర పైకెక్కుతుంది, ఇక నీ చేతిలో ఏమీ ఉండదు. మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. అమ్మ పుట్టింటివాళ్ళది గాజుల కొట్టు. రెండు వైపుల నుంచీ ఈ విద్య నాకు బాగా అబ్బింది. నిగనిగలాడే వంకాయను పట్టుకుని పుచ్చు ఎక్కడుందా అన్నట్టు తిప్పి తిప్పి చూస్తాను. పట్టుచీర మడత విప్పగానే ముందు వెనకవైపు చూసి పెదవి విరుస్తాను. ఆస్పత్రిలో నాకు కూతురు పుట్టిన రోజు, నర్సమ్మ గుడ్డలో చుట్టి తెచ్చి చూపిస్తే, అలవాటు కొద్దీ "బరువు కొంచెం తక్కువున్నట్టుందే" అన్నాను. "మార్చి ఇమ్మంటావా?" అని అడిగిందా నర్సమ్మ. ఆ మాట మా అమ్మ బజారంతా చెప్పుకుని నవ్వింది.

ఇలాంటిదాన్ని కాబట్టే బజారు పెద్దలు నన్ను పెన్న మీదికి పంపారు.

కార్తీకంలో, వానలు తెరిపిచ్చి ఆనకట్ట వెనక పెన్న నిండుగా నిలిచినప్పుడు, నెల్లూరులో ఏటా ఒక సాయంత్రం నది మీద బాణసంచా కాలుస్తారు. జరిపించేది మా బజారు కొట్లవాళ్ళమే. ఆ రోజు మధ్యాహ్నానికే షట్టర్లు దించేస్తాం. వెంకటాచలం నుంచి, మనుబోలు నుంచి జనం ఆటోల్లో, ట్రాక్టర్లలో దిగుతారు. ఒడ్డున ఇసుకలో చాపలు, బజ్జీల పొయ్యిలు, మరమరాల బండ్లు, పోలీసులు కట్టిన తాళ్ళు, ఒక పక్కన ఫైరింజను. నది నడుమ రెండు ఫైబరు పడవలను జత కట్టి, మీద పలకలు పరిచి, ఇసుక నింపిన పెట్టెల్లో ఇనప గొట్టాలు నాటుతారు. గుండ్లు లేచేది ఆ గొట్టాల్లోంచే. గుండంటే కొబ్బరికాయంత కాగితపు ఉండ. లోపల మందు, చుట్టూ బిగించిన పురికొస, కింద వత్తి.

కొట్లవాళ్ళు ఏది కొన్నా తూకం చూసుకుంటారు. మరి కాలి పొగైపోయే సరుకును ఎట్లా చూసుకోవాలి? ఇది మా తాతల కాలంలోనే వాళ్ళను నిద్రపోనివ్వని ప్రశ్న అయ్యుండాలి. అందుకని ఒక పద్ధతి పెట్టారు. గుండ్లు పడవకెక్కించేటప్పుడు బజారు పెద్ద ఒడ్డున నిలబడి, గుండుకో చింతగింజ చొప్పున సాక్షి చేతికిస్తాడు. సాక్షి అంటే బజారు తరఫున నది మీదికి వెళ్ళి కూర్చునే మనిషి. పైన గుండు పేలినప్పుడల్లా ఒక గింజ తీసి డబ్బాలో వేయాలి. పేలని గుండును ఉంచుకుంటే ప్రమాదం, కాల్చేవాళ్ళు దాన్ని వెంటనే నీళ్ళలోకి తోసేస్తారు. కాబట్టి దానికి వేరే ఆనవాలు ఉండదు. సాక్షి దగ్గర మిగిలిన గింజలే దాని ఆనవాలు. నాలుగైదు మిగిలితే ఎవరూ పట్టించుకోరు. గుప్పెడు మిగిలితే మాత్రం మందు మంచిది కాదన్నట్టే.

అన్నీ కాలాక అదే ఇసుకలో నిలబడి బజారు పెద్ద కాల్చినవాళ్ళకు తాంబూలం ఇస్తాడు. అది చేతిలో పడితే వచ్చే ఏడు కూడా పని వాళ్ళదే. పడకపోతే ఇక రానక్కర్లేదు. దీనికి వేరే కాగితం ఏదీ ఉండదు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా నదికి కాల్చింది ఒకాయనే. అల్లూరు వైపు పల్లె ఆయనది. పోయిన వేసవిలో ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. మాట బాగానే ఉంది, చూపు బాగానే ఉంది, చెయ్యి మాత్రం వత్తి పట్టదు. ఆయన కూతురు షెడ్డులో ఏళ్ళ తరబడి మందు కలిపింది కానీ నది మీద ఎప్పుడూ కాల్చలేదు. ఇక మా బజారులో రెండు మాటలు పుట్టాయి. సెల్‌ఫోన్ల కొట్టు నడిపే అతను చెన్నై పార్టీని పిలుద్దామన్నాడు. వాళ్ళు కంప్యూటర్‌తో, పాటకు సరిపోయేట్టు కాలుస్తారట. మా బజారు పెద్ద, బియ్యం కొట్టు ఆయన, నేను పెదనాయనా అని పిలిచే మనిషి, కాసేపు ఆలోచించి తేల్చేశాడు.

"ఈ ఏడు ఆ బిడ్డను చూద్దాం. బాగుంటే తాంబూలం. లేకుంటే నీ చెన్నైవాళ్ళే."

కాల్చేది ఆడమనిషి కాబట్టి సాక్షి కూడా ఆడమనిషైతే బాగుంటుందని ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు. సరుకులో తప్పు వెతకడానికి నాకంటే తగినవాళ్ళు లేరని ఆ చూపుల అర్థం. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

బేరానికి ఆమె మా కొట్టుకే వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. మందు నింపని ఖాళీ గుండు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను దాన్ని వంకాయను తిప్పినట్టే తిప్పాను.

"చుట్లు వదులుగా ఉండాయే అమ్మాయ్."

"గోరు దూర్చి చూడక్కా."

దూర్చబోయాను. దూరలేదు.

"కాగితం పల్చన."

"చించు."

చిరగలేదు.

"మీ నాయన చేసినవి ఇంకాస్త గుండ్రంగా ఉండేవి."

"మా నాయన తెచ్చినప్పుడు మా తాత చేసినవి ఇంకా గుండ్రం అన్నావంట గదా. ముందే చెప్పి పంపిచ్చినాడు."

ఆమె తాత చేసినవి నేను పుట్టి బుద్ధెరిగాక చూసింది లేదు. అయినా తగ్గకుండా ఇంకో రెండు వంకలు పెట్టాను. ఆమె రెంటికీ జవాబు చెప్పింది. చివరికి మామూలుగా నేను అడిగేదానికీ ఆమె ఇచ్చేదానికీ మధ్య ఎక్కడో కుదిరింది. లేవబోతూ అప్పుడు అంది:

"బేరం అయిపోయింది గాబట్టి చెప్తా ఉండానక్కా. ఈసారి తాంబూలం పడకపోతే షెడ్డు మూసేస్తాం. గొట్టాలను పాత ఇనుముకు ఎయ్యమన్నాడు నాయన. కళ్ళ ముందర పెట్టుకుని చూస్తా కూర్చోలేడంట. నాకేముంది, రొయ్యల గుంటల కాడికి పనికి పోతా."

మా కొట్లో కూర్చుని కష్టాలు చెప్పే అమ్మకందార్లను బోలెడంత మందిని చూశాను. బేరంలో అదొక మెలిక. చెప్పి ఓరకంట మన మొహం చూస్తారు. ఈమె చూడలేదు. ఖాళీ గుండును కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎండ వాలుతుండగా పెదనాయన ఒడ్డున నిలబడి గింజలు పోశాడు. ఒక గుండు పడవలోకి, ఒక గింజ నా కొంగులోకి. చూస్తూ చూస్తూ ఉండగానే కొంగు బరువెక్కింది. ముడేసుకున్నాను. డబ్బా మా కొట్టుదే. మూత గట్టిది, తిరగబడినా తెరుచుకోదు. దాన్ని కూడా ఎవరూ మెచ్చుకోలేదు. మా బజారు కదా.

సాక్షి కూర్చునేది గొట్టాలున్న పలకల మీద కాదు. దానికి పొడుగాటి తాడుతో కట్టిన వేరే చిన్న పడవలో. ఆ పడవ నడిపే అన్న సముద్రం మీద వేటాడేవాడు, ఆమె ఊరివాడే. నేను చీర ఎత్తిపట్టుకుని ఒక కాలు పడవలో, ఒక కాలు ఇసుకలో పెట్టి నిలబడిపోతే నవ్వాడు.

"భయపడబాకక్కా. సముద్రం ముందర ఇది పళ్ళెంలో నీళ్ళు."

"పళ్ళెంలో ఈత రానోళ్ళు కూడా ఉంటారు నాయనా."

కూర్చున్నాక ఒక తడి గోనెపట్టా భుజాల మీద కప్పాడు, నిప్పురవ్వలు పడితే అంటుకోకుండా. చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చాడు. గోనెపట్టా చేపల వాసన.

"కొత్తదేదన్నా లేదా?"

"కాలిపోయేదానికి కొత్తదెందుకక్కా?"

నాకంటే గట్టి బేరగాడని ఒప్పుకుని ఊరుకున్నాను.

నది నడుమకు వచ్చి చూస్తే నెల్లూరు నాకు తెలిసిన ఊరులా లేదు. పుట్టినప్పటి నుంచి ఈ ఒడ్డున తిరిగినదాన్ని, ఒడ్డును నది వైపు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. ఇసుక మీద జనం చీమల బారులాగా, వాళ్ళ వెనక మేడలు, వంతెన మీద ఆగిన బండ్ల లైట్లు. వాళ్ళ మాటలన్నీ కలిసి నీళ్ళ మీదుగా ఒకే ఒక్క మూలుగులాగా వస్తున్నాయి. పడమట ఇంకా కొంచెం ఎరుపు మిగిలి ఉంది. నీళ్ళు నల్లబడుతున్నాయి. పలకల మీద ఆమె మనుషులు గొట్టాల మధ్య వంగి తిరుగుతున్నారు. ఆమె చీర బిగించి కట్టి, చెప్పుల్లేని కాళ్ళతో, చేతిలో పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడింది. కర్ర చివర చిన్న ఎర్రటి నిప్పు. ఒడ్డు మీద పెదనాయన తెల్ల తువ్వాలు ఊపాడు. నేను డబ్బా మూత తీసి ఒళ్ళో పెట్టుకుని, ముడి విప్పి, మొదటి గింజ వేళ్ళ మధ్య పట్టుకున్నాను.

చిన్నప్పుడు మా కొట్టు మేడ మీద నుంచి చూసేవాళ్ళం. ప్రతి గుండుకూ నాన్న ఏదో ఒకటి అనేవాడు. ఇది ఫరవాలేదు. ఇది దండగ. దీనిలో మందు తగ్గించినాడు. అలా వినీ వినీ ఆకాశాన్ని కూడా సరుకులాగే చూడడం నాకు అలవాటైంది. మొదటి గుండు లేచినప్పుడు నేను అదే కంటితో చూశాను.

కానీ అది ముందు చెవికి రాలేదు, తుంటి ఎముకకు వచ్చింది. పడవ అడుగు నుంచి ఒక గుద్దు. తర్వాతే చప్పుడు. పైకి సన్నటి నిప్పు గీత ఒకటి, తొందరేమీ లేనట్టు, లేస్తూ పోయింది. ఆగింది. ఏమీ లేదు. పేలదేమో అనుకునేంత సేపు ఏమీ లేదు.

ఆ తర్వాత ఆకాశం తెరుచుకుంది.

ఒడ్డు నుంచి చూస్తే పూవులాగా, చదునుగా, గోడకు తగిలించినట్టు కనిపిస్తుంది. కింద నుంచి చూస్తే అది పూవు కాదు. ఒక పెద్ద గోపురం లోపలి భాగం. మన నెత్తి మీద ఒక్క చోట మొదలై, నాలుగు వైపులకూ పాకి, మన చుట్టూ దిగుతుంది. ఎర్రటి చుక్కలు తల వెనక కూడా ఉన్నాయి. నేను పూర్తిగా వెనక్కి వాలి చూశాను. అదే సమయంలో పడవ కింద నీళ్ళలో ఇంకొక గోపురం, తలకిందులుగా, అడుగు నుంచి పైకి వస్తోంది. రెండూ కలిసే చోట మా పడవ.

"వల కింద చేప చూపక్కా ఇది," అన్నాడు పడవ నడిపే అన్న. "ఇసిరినప్పుడు మా వల దానికి ఇట్టాగే కనబడతాదనుకుంటా."

గింజ డబ్బాలో వేశాను. రెండోదానికీ వేశాను. రెండోది పసుప్పచ్చ, విచ్చుకున్నాక మళ్ళీ చిన్న చిన్నవిగా చిట్లింది. మూడోదానికి నాన్న మాట ఒకటి నోట్లోకి వచ్చింది గానీ బయటికి రాలేదు. ఆ తర్వాత ఇంకొన్ని గింజలు వేసినట్టే గుర్తు, ఆపైన ఏమైందో వరసగా చెప్పలేను.

ఆకుపచ్చవి వచ్చాయి. వరికోతలప్పుడు కళ్ళంలో గాలికి తూర్పారబడితే పొట్టు ఎండలో ఎగిరినట్టు, బంగారు రంగు పొడి ఒకటి ఆకాశమంతా ఎగిరింది. తెల్లవి వచ్చినప్పుడు నదీ ఒడ్డూ వంతెనా ఒక్కసారి పట్టపగలై, ఇసుకలో కూర్చున్న ఎవరెవరి మొహాలో కూడా కనిపించి, మళ్ళీ మాయమయ్యాయి. ప్రతి గుండు తర్వాత జనం నోరు తెరిచి పీల్చిన ఊపిరి చప్పుడు నీళ్ళ మీదుగా ఆలస్యంగా మా దాకా వచ్చేది. అది వచ్చేలోపల ఇంకొకటి లేచేది. చప్పుళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గుండె కొట్టుకోవడం నాదో, పడవదో తెలియలేదు. ఎక్కడి నుంచో కొంగలు లేచి, ఎటు పోవాలో తెలియక, ఆ వెలుగు మధ్య నుంచే ఎగిరిపోయాయి. వాటి రెక్కల కింది భాగం ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా.

ఆ మెరుపుల్లో పలకల మీద ఆమె కనిపిస్తూ, మాయమవుతూ ఉంది. ఒక గొట్టం దగ్గర వంగి, పక్కకు జరిగి, ఇంకో గొట్టం దగ్గర. పెదవులు కదులుతున్నాయి. అప్పుడు ఒక విషయం గమనించాను. ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఊరు ఊరంతా పైకి చూస్తుంటే, దాన్ని చేస్తున్న మనిషి కింద వత్తుల వైపే చూస్తోంది. పేలిందా లేదా అని చెవితో విని తర్వాతదానికి పోతోంది.

చివర్లో లేచినవి పెద్దవి. అవి చిట్లిపోలేదు. బంగారు తీగల్లాగా విడివడి, వంగి, మెల్లగా, మెల్లగా జారుతూ, ఆరకుండా నది దాకా వచ్చాయి. మా పడవ చుట్టూ నీళ్ళకు తాకి చుయ్యిమన్నాయి. ఒక రవ్వ నా గోనెపట్టా మీద పడి ఆరింది. నేను కదల్లేదు. కదిలితే ఏదో చెదిరిపోతుందనిపించింది.

తర్వాత నిశ్శబ్దం. చెవుల్లో దూది తీసినా అదే నిశ్శబ్దం. పొగ నది మీద పరుపులాగా పరుచుకుంది. అప్పుడు ఒడ్డు నుంచి చప్పట్లు మొదలయ్యాయి.

"అక్కా," అన్నాడు పడవ నడిపే అన్న నెమ్మదిగా, "నీ కొంగు చూసుకో."

చూసుకున్నాను. కొంగు నిండుగా ఉంది. డబ్బాలో అడుగున పలచగా కొన్ని గింజలు.

ఒడ్డుకు వచ్చేసరికి పెదనాయన తాంబూలం పళ్ళెంతో సిద్ధంగా ఉన్నాడు. ఆకులు, వక్కలు, అరటిపండ్లు. చుట్టూ మా కొట్లవాళ్ళు. వెనకే ఇంకో పడవలో వచ్చి ఆమె కూడా దిగింది. మొహమంతా మసి, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. పెదనాయన నవ్వుతూ కొంగు పట్టమన్నాడు. పట్టాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఏందమ్మా ఇన్ని?"

సెల్‌ఫోన్ల కొట్టతను తొంగి చూశాడు. "అయ్యో, ముప్పాతిక వంతు నీళ్ళలోకే తోసినట్టుండారే. నేను అప్పుడే చెప్పినా, మందు పని ఆడుకునేది కాదని."

"తోసింది రెండో మూడో పెదనాయనా," అంది ఆమె. కళ్ళలో మెరుపు పోయింది. "మిగతావన్నీ పేలినయి. నేను విన్నా."

"నేనూ చూసినా," అన్నాడు పడవ నడిపే అన్న.

"నువ్వు ఆమె ఊరోడివి గదన్నా," అన్నాడు సెల్‌ఫోన్లతను. "ఆకాశం నిండా వెలుగుంటే ఒడ్డు నుంచి ఎవరికి తెలస్తాది ఎన్నో? ఉండండి, నేను వీడియో తీసినా. లెక్కపెడదాం."

అందరం ఆ ఫోను మీదికి వంగాం. అందులో మా ఆకాశం అరచేతిలో సున్నపు మరకలాగా ఉంది. దాని మీద పొగ, దాని ముందు ఎవరిదో తల. ఒకటి ఎక్కడ ఆగిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేకపోయారు. సెల్‌ఫోన్లతనే విసుగొచ్చి జేబులో పెట్టుకున్నాడు. ఇక గింజలే మిగిలాయి. పెదనాయన నా వైపు చూశాడు. పళ్ళెం ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది, కానీ కొంచెం తన వైపుకు జరుపుకున్నాడు. ఆమె ఆ జరపడాన్ని చూసింది.

మొదట నా బుద్ధి బజారు దారిలోనే పోయింది.

"నువ్వే రెండేసి పోసినావేమో పెదనాయనా."

"నా జీవితంలో బియ్యమే ఎక్కువ పొయ్యలేదు. గింజలు పోస్తానా?"

ఇక నిజమే మిగిలింది.

"నేను వెయ్యలా. మొదటివి వేసినా. తర్వాత పైకి చూస్తా ఉండిపోయినా."

సెల్‌ఫోన్లతను నవ్వాడు. "చూసేదానికి మేమంతా లేమా అక్కా? నిన్ను పంపింది లెక్కకు గదా."

"అవునబ్బయ్యా. చూస్తే లెక్క మరిచిపోతారని నాకెవురూ చెప్పలా."

"అంత ఏముండాది చూసేదానికి?" అన్నాడు పెదనాయన. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

బాగుంది అనాలి. ఆ ఒక్క మాట చాలు. నా నోటికి రాలేదు. సరుకు ముందు నిలబడి, అమ్మినవాళ్ళు వింటుండగా, కొన్నవాళ్ళ ఎదుట ఆ మాట అనడం నాకు చేతకాదు. ఎంత ప్రయత్నించినా వచ్చింది ఇది:

"పొగ కొంచెం ఎక్కువ."

ఆమె తల దించుకుంది. అప్పుడు నాకు నా మీద నాకే చిరాకు పుట్టి, తడబడుతూనే మొదలుపెట్టాను. తుంటి ఎముకకు తగిలిన గుద్దు చెప్పాను. ఏమీ లేకుండా ఆగిన ఆ క్షణం చెప్పాను. గోపురం చెప్పాను, నీళ్ళలో తలకిందులుగా వచ్చిన గోపురం చెప్పాను. కొంగల రెక్కలు చెప్పాను. బంగారు తీగలు మా పడవ చుట్టూ నీళ్ళకు తాకి ఆరిన చప్పుడు నోటితో చేసి చూపించాను. చేతులు పైకెత్తి చూపిస్తుంటే కొంగులో గింజలు ఇసుకలోకి రాలిపోయాయి. ఎవరూ ఏరలేదు. "ఇంకా ఎట్టా చెప్పాలో తెలవడం లేదు పెదనాయనా. నేను దాని లోపల ఉండినా. అంతే. బాగుండాది. శానా బాగుండాది."

మా వెనక బజ్జీల బండివాడు నూనెలోంచి గరిటె తీయడం మరిచి వింటున్నాడు. అందరికంటే ఎక్కువ వింటున్నది ఆమె. నోరు కొంచెం తెరుచుకుని, నా చేతులు పైకి పోతే పైకి, కిందికి వస్తే కిందికి చూస్తూ. తను చేసింది పైన ఎట్లా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరని అప్పుడు అర్థమైంది.

పెదనాయన ఇసుకలో రాలిన గింజలను కాలివేలితో కదిపాడు.

"ఈమె పెళ్ళికి నేను వడ్డించినా," అన్నాడు చివరికి, నా వైపు కాక మిగతావాళ్ళ వైపు తిరిగి. "తన పెళ్ళి విస్తట్లోనే పప్పులో ఉప్పు తక్కువందీమె. ఇన్నేళ్ళలో ఏదన్నా బాగుందని ఈ నోట మీరెవరన్నా విన్నారా?"

ఎవరూ వినలేదు. మా ఆయన అక్కడుంటే ఆయన కూడా వినలేదనే చెప్పేవాడు.

"అట్టయితే మాటలకు తాంబూలం ఇస్తావా?" అన్నాడు సెల్‌ఫోన్లతను. కానీ గొంతులో ముందున్న పట్టు లేదు.

"కొన్న సరుకు లెక్కపెట్టుకోవడం ఈమె మరిచిపోయింది అబ్బాయ్. దానికిస్తా ఉండా."

పళ్ళెం ముందుకు చాచాడు. ఆమె మసి చేతులను చీరకు తుడుచుకుంది. తుడిస్తే ఇంకా నల్లబడ్డాయి. అలాగే చాచి తీసుకుంది. ఆకుల మీద వేలిముద్రలు పడ్డాయి. తాంబూలాన్ని కడుపుకు ఆనించి పట్టుకుని, కాసేపు నదినే చూస్తూ నిలబడింది.

జనం లేచి చాపలు దులుపుకుంటున్నారు. పెదనాయన కదల్లేదు. ఖాళీ చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, ఎవరూ వినకూడదన్నట్టు ఆమె దగ్గరికి జరిగాడు.

"ఇన్నేళ్ళూ నేను ఈ ఒడ్డు మీదనే నిలబడినా. తువ్వాలు ఊపడమే నా పని. వచ్చే ఏడు ఆ పడవలో నేను కూచోవచ్చా?"

ఆమె ఆయన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఊరికినే కూచోబెట్టను పెదనాయనా. గొట్టాల పెట్టెల్లోకి ఇసుక మొయ్యాల."

"నా వయసు చూడు తల్లీ. రెండు గంపలు మోస్తా."

"నాలుగు."

"మూడు. చిన్నవి."

ఆమె నా వైపు చూసింది, ఏమంటావన్నట్టు. జీవితంలో మొదటిసారి ఎదుట ఒక బేరం జరుగుతుంటే నోరు మూసుకున్నాను.

కుదిరాక పెదనాయన వచ్చే ఏటి దాకా ఆగలేదు. ఇప్పుడే ఒకసారి ఆ చోటు చూపించమన్నాడు. పంచె ఎత్తి కట్టుకుని, నా భుజం పట్టుకుని, మోకాలి దాకా నీళ్ళలోకి దిగి పడవెక్కాడు. నేనూ ఎక్కాను. పడవ నడిపే అన్న తెడ్డు వేశాడు. పలకల మీద ఆమె మనుషులు నీళ్ళు చల్లి గొట్టాలు చల్లారుస్తున్నారు, చల్లినప్పుడల్లా ఆవిరి లేస్తోంది. మందు వాసన ఇంకా పోలేదు. నేను కూర్చున్న చోట పెదనాయన కూర్చున్నాడు. తడి గోనెపట్టా ఇస్తే వంక పెట్టకుండా కప్పుకున్నాడు. మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు. పైన ఏమీ లేదు. పొగ పలచబడి, దాని వెనక నుంచి ఒకటొకటిగా చుక్కలు బయటపడుతున్నాయి.

"ఇక్కడి నుంచేనా?" అన్నాడు.

"ఇక్కడి నుంచే."

ఆయన తల దించలేదు. పడవ నడిపే అన్న తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. తొందరేమీ లేదన్నట్టు నది మమ్మల్ని అలాగే ఉంచింది.